చూపు పాఠాలు – 3: గోడ మీది పాత స్టూడియో ఫోటో

ఈసారి చూడబోయేది తాతల కాలపు బ్లాక్ అండ్ వైట్ స్టూడియో ఫోటో. గుళ్లో శిల్పం కన్నా ఇది కష్టం. "మా నాయనమ్మ" అని గుర్తుపట్టిన మరుక్షణమే చూడడం ఆపేస్తాం కాబట్టి.

ఐదు రెట్లు పెంచి చూపే భూతద్దం, టార్చి, మెత్తటి పెన్సిల్, నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి. నలభై నిమిషాల తీరిక కావాలి.

ఫ్రేములోంచి తీసేముందు అద్దం మీద టార్చి ఏటవాలుగా వేయండి. ఎక్కడైనా తడి మరకలా ముదురుగా కనిపిస్తే ఫోటో అద్దానికి అంటుకుపోయిందని అర్థం. చెమ్మకి ఫోటో మీది జెలటిన్ పొర మెత్తబడి అద్దాన్ని పట్టుకుంటుంది. లాగితే బొమ్మ ఊడి అద్దం మీదే ఉండిపోతుంది. అలాంటిదాన్ని అద్దంతోనే స్కాన్ చేయాలి. అంటుకోకపోతే వెనక మేకులు తీసి, అంచులు మాత్రమే పట్టుకుని బయటికి తీయండి. నల్లటి భాగాల్లో, అంచుల వెంట నీలి వెండి మెరుపు ఉంటే తుడవొద్దు. అది దుమ్ము కాదు, ఫోటోలోని వెండే పైకి తేలింది. 4×6 అంగుళాల ప్రింటును 600 డిపిఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి. మన పనికి అది చాలు. ప్రింటు వెనక బాల్‌పెన్నుతో ఏమీ రాయకండి, ముందువైపుకి గాడి తేలుతుంది.

ఇక అసలు పని. మొదటి పది నిమిషాలు పేర్లూ వరసలూ నిషేధం. "నాయనమ్మ కూర్చుంది" అని కాదు, "పాతికేళ్ల లోపు మనిషి, కుర్చీ అంచున కూర్చుంది, మడమలు నేలకి ఆనలేదు" అని రాయండి. ఇలా ఇరవై వాక్యాలు కావాలి. ఏడో ఎనిమిదో రాసేసరికి కలం ఆగుతుంది. అప్పుడు భూతద్దం తీసి మూలల నుంచి లోపలికి రండి: తెర అంచు, నేల, పాదాలు, చేతులు. ముఖం అన్నిటికన్నా ఆఖరున.

తర్వాత ప్రతి వాక్యం పక్కన ఒక గుర్తు పెట్టండి. స్టూడియో అమర్చినదైతే "స్టూ", ఇంటి నుంచి తెచ్చుకున్నదైతే "ఇం", ఎవరూ అనుకోకుండా పడినదైతే "జా", అంటే జారిపడినది. ఈ పాఠమంతా ఈ మూడు గుర్తుల్లోనే ఉంది. తెర మీది మెట్లూ పూలకుండీ, పక్కనున్న రేడియో, చాలాసార్లు చేతి గడియారం కూడా "స్టూ"లోకే పోతాయి. అనుమానమైతే అదే స్టూడియోలో దిగిన బంధువుల ఫోటోలు అడిగి తెప్పించండి. అదే రేడియో వాళ్ల పక్కన కూడా కనిపిస్తే అది మీ తాతగారి సంపద కాదు. ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి అన్నదీ ఫోటోగ్రాఫరు చెప్పిందే అయివుండొచ్చు. దాన్నిబట్టి కాపురం ఎలా సాగిందో తేల్చేయకండి.

ముఖం దగ్గర చాలామంది పొరబడతారు. నవ్వు లేదు కాబట్టి దుఃఖం అనుకుంటారు. స్టూడియో దీపాల కింద పావు సెకను, అర సెకను ఎక్స్‌పోజరు, అంటే కెమెరాలోకి వెలుగు పడనిచ్చే సమయం, మామూలే. కదలొద్దనే మాటకి బిగుసుకున్న ముఖమది. దానికి తోడు, నెగెటివ్ మీద పెన్సిలుతో ముడతలు చెరిపేసేవారు. ప్రింటు మీద నగలకి బంగారు రంగు అద్దేవారు. టార్చి పక్కనుంచి వేస్తే కుంచె జాడ బయటపడుతుంది. చొక్కా జేబు, పైట కూడా చూసుకోండి. జేబు మనకి ఎడమవైపు కనిపించినా, పైట కుడి భుజం మీద ఉన్నా, నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు వేశారేమో అని అనుమానించాలి. అప్పుడు "ఎడమచేతి వాటం" లాంటి ఊహలన్నీ కొట్టేయాల్సిందే.

కెమెరా వెనక ఉన్నది ఎవరన్నదీ లెక్కే. ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, నిర్వహణ ఒక ఆంగ్లేయ మహిళకి అప్పగించారు. పరాయి మగవాడి ముందు కూర్చున్న మనిషి భుజాలు, ఆడమనిషి ముందు కూర్చున్న మనిషి భుజాలు ఒకలా ఉండవు.

మీకు దక్కే అర్థం ఎక్కువగా "జా" గుర్తు దగ్గరే దొరుకుతుంది. పిడికిట్లో నలిగిన పైటకొంగు, చెప్పులు విడిచి ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న పాదాలు, పసివాణ్ని జారకుండా పట్టుకుని ఫ్రేము అంచులో తెగిపోయిన ఎవరిదో చెయ్యి. ఒకదాన్నే ఎంచుకోండి. దాని గురించి పెద్దవాళ్లని అడిగేటప్పుడు "అప్పట్లో మీ జీవితం ఎలా ఉండేది?" అనకండి. "బాగుండేది నాన్నా" అని ఊరుకుంటారు. "అత్తయ్యా, ఈ చెయ్యి ఎవరిది?" అనండి. ఇద్దరిని విడివిడిగా అడిగి, జవాబులు పొసగకపోతే రెండూ రాసుకోండి.

చివరగా ఆ ఒక్క వివరం మిమ్మల్ని ఎందుకు పట్టుకుందో ఐదు వాక్యాల్లో రాయాలి. ప్రతి వాక్యాన్నీ పక్కింటివాళ్ల పాత ఫోటో కింద పెట్టి చదవండి. అక్కడ కూడా అతికితే కొట్టేయండి. "ఆ రోజుల్లో అనుబంధాలు ఎంత గొప్పవో" అన్నది ఏ ఫోటో కిందైనా అతుకుతుంది. "నేను కూడా కొత్తవాళ్ల ముందు బొటనవేలు పిడికిట్లో దాచుకుంటాను" అన్నది అతకదు.

వారం తర్వాత నోటుబుక్కు తెరవకుండా అదే ఫోటో మీద మరో ఇరవై వాక్యాలు రాసి, పాతవాటితో పోల్చండి. కొత్తగా చేరినవాటికి ఎర్ర పెన్సిలు గీత పెట్టండి. 4వ పాఠానికి ఇంట్లో రోజూ వాడే ఇత్తడి చెంబు గానీ, మరచెంబు గానీ కావాలి. తోమకుండా తెచ్చుకోండి.