ఈ పాట ఎవరిది? 3వ పాఠం: మాటలు పక్కనపెట్టి వరుస రాసుకుందాం

రెండో పాఠంలో నాలుగు పాటలు చెప్పి, ఒకదాని వెంట ఒకటి వినమన్నాను. విన్నవాళ్లకి మూడో పాట వచ్చేసరికే నోరు దానంతటదే కూనిరాగం అందుకుని ఉంటుంది. తుర్కీ పాటలో ఒకావిడ ఇస్తాంబుల్‌లోని ఉస్కుదార్ పేటకి వెళ్తుంటే వాన పట్టుకుంటుంది, ఆమె గుమాస్తా వేసుకున్న పొడుగు కోటు అంచు బురదవుతుంది. సెర్బియాలో అదే వరుస మీద పిల్ల జుట్టుని పొగుడుతారు, బల్గేరియాలో నల్లటి కళ్లని పొగుడుతారు, బోస్నియాలోనేమో "అనటోలియా పిల్లా, నాదానివైపో" అని అడుగుతారు (అనటోలియా అంటే తుర్కియేలోని ఆసియా భాగం). మాటల్లో ఒకదానికొకటి పొంతన లేదు. వరుస మాత్రం ఎక్కడ విన్నా ఒకటే. గ్రీకులకీ ఉంది, అల్బేనియన్లకీ ఉంది, అరబ్బులకీ ఉంది.

బల్గేరియా దర్శకురాలు అదెలా పేయెవా 2003లో ఈ ఒక్క పాట వెంట దేశదేశాలు తిరిగి డాక్యుమెంటరీ తీశారు. ఇస్తాంబుల్‌లో ఒక భోజనాల బల్ల దగ్గర మొదలైంది ఆ ప్రయాణం. అక్కడ పాట వినపడగానే బల్ల చుట్టూ ఉన్న వేరువేరు దేశాల స్నేహితులు ఎవరికి వారే "ఇది మా పాట" అన్నారు. తర్వాత ఆమె ఎక్కడికి వెళ్లినా అదే మాట, కొన్నిచోట్ల దాంతోపాటు కోపం, బెదిరింపు కూడా. పక్కవాళ్లు కూడా దీన్ని పాడుకుంటారని చెప్పినందుకే! చిన్నప్పుడు అమ్మ పాడిన పాటని "ఇది మీది కాదు" అంటే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది, ఆ బాధ నాకు అర్థమవుతుంది. అందుకే ఈ పాఠాలు రాస్తున్నాను. కోపం తెచ్చుకునే ముందు పాటని సరిగ్గా వినడం వస్తే, ఏ మాట అనొచ్చో ఏది అనకూడదో మనకే తెలుస్తుంది.

ఇవాళ్టి పని రెండు పాటల వరుసల్ని కాగితం మీద పక్కపక్కన పెట్టడం. సంగీతం నేర్చుకోనివాళ్లు భయపడక్కర్లేదు, సరిగమలు పాడగలిగితే చాలు. ఫోన్లో రికార్డింగ్, ఒక నోటుబుక్కు, పెన్సిలు పెట్టుకోండి.

ఈ పద్ధతిని ఎక్కువగా వాడినవాళ్లు హంగరీకి చెందిన బేలా బార్టోక్, జోల్తాన్ కొడాయ్. ఇద్దరూ పెద్ద స్వరకర్తలే, కానీ 1905 ప్రాంతంలో స్నేహం కుదిరాక ఫోనోగ్రాఫ్ పట్టుకుని ఊళ్లకి బయల్దేరారు. మైనపు సిలిండర్ల మీద పల్లె జనం పాటలు రికార్డు చేశారు. బార్టోక్ హంగరీ పాటలతో ఆగలేదు, స్లోవాకులవీ రొమేనియన్లవీ వేలకొద్దీ సేకరించాడు, 1913లో అల్జీరియా వెళ్లాడు, 1936లో తుర్కియే వెళ్లాడు. అన్ని వేల పాటలు ఇంట్లో పోగుపడితే ఏది దేనికి చుట్టమో ఎలా తెలియాలి? అక్కడే ఈ పద్ధతి పనికొచ్చింది.

మొదటి పని, పాట ఆఖరి స్వరం ఏదో పట్టుకోవడం. బార్టోక్ తను రాసిన ప్రతి పాటనీ ఒకే స్వరం మీద ముగిసేలా పైకో కిందకో జరిపి రాసుకునేవాడు. ఒక ముసలావిడ కింది స్థాయిలో పాడి, ఇంకో ఊళ్లో కుర్రాడు పై స్థాయిలో పాడితే, కాగితం మీద ఆ రెండూ వేరే పాటల్లా కనిపిస్తాయి కదా. మనకి ఈ మెట్టు దాదాపు ఉచితం, ఎందుకంటే మన సరిగమలు ఏ శ్రుతిలోనైనా అవే సరిగమలు. కాబట్టి పాట ఎక్కడ ఆగిందో దాన్ని "స" అనుకోండి. శాస్త్రం తెలిసినవాళ్లు "అది నిజమైన షడ్జమం కాకపోవచ్చు కదా" అంటారు, నిజమే, కానీ పోల్చడానికి రెండింటికీ ఒకే గుర్తు ఉంటే సరిపోతుంది. రాగం పేరు తేల్చడం ఇవాళ్టి పని కాదు.

తర్వాత పాటని పాదాలుగా విడగొట్టండి. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో అక్కడ గీత పెట్టండి. ఆ ప్రాంతాల జానపద పాటల్లో చాలావాటికి నాలుగు పాదాలుంటాయి. ఇప్పుడు ప్రతి పాదం ఆఖరి స్వరం మాత్రమే రాయండి. మధ్యలో గమకాలు, విరుపులు, అలంకారాలు ఏవీ వద్దు. ఇది చాలామందికి కష్టంగా ఉంటుంది, అందమంతా మధ్యలోనే ఉందనిపిస్తుంది. కానీ పాడేవాళ్లు మార్చేది మధ్య భాగాన్నే. పాదం ఎక్కడ దిగుతుందో మాత్రం తరాలు మారినా అంత తొందరగా మారదు. గోడకి రంగులు ఎన్నిసార్లు మార్చినా గుమ్మాలు ఉన్నచోటే ఉన్నట్టు.

ఆ పక్కన పాదానికి ఎన్ని అక్షరాలో లెక్క రాయండి. మన ఛందస్సులో లాగా గురులఘువులు చూడక్కర్లేదు, నోటితో పలికే అక్షరాలు చాలు. హంగరీలో పేరున్న నెమలి పాట ఉంది, "ఫెల్‌-సా-లొత్ ఆ పా-వ", నెమలి పైకెగిరింది అని. ఆరు అక్షరాలు. తర్వాతి ముక్క కూడా ఆరే. కొడాయ్ 1939లో ఈ పాట మీదే పెద్ద ఆర్కెస్ట్రా రచన చేశాడు, వెతికితే సులువుగా దొరుకుతుంది, వినండి.

ఆ నెమలి పాటతోనే సాధన చేద్దాం. దాని స్వరాలు రాస్తే స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప, కైశికి నిషాదం వస్తాయి. అంటే మన శుద్ధ ధన్యాసి రాగం! మొదటిసారి ఈ సంగతి గమనించినప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. హంగరీ పల్లెకీ మనకీ ఏదో పాత బంధం ఉందని రాసేయాలనిపించింది. రాయకపోవడమే మంచిదైంది. ఐదు స్వరాల వరుసలు ప్రపంచంలో ఎక్కడపడితే అక్కడ పుడతాయి, చైనాలో, ఆఫ్రికాలో, స్కాట్లాండ్‌లో. స్వరాలు కలిసినంత మాత్రాన చుట్టరికం రాదు. ఈ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే "ఈ పాట మాదే" అని వాదించేవాళ్లలో చాలామంది ఈ ఒక్క పోలిక దగ్గరే ఆగిపోతారు.

మరి ఏది లెక్కలోకి వస్తుంది? నెమలి పాట మళ్లీ వినండి. పైన మొదలై మెట్లు దిగినట్టు కిందకి వస్తుంది. ఇంకో విశేషం, మొదటి సగంలో పై స్థాయిలో పాడిన వాక్యాన్నే రెండో సగంలో ఐదు స్వరాల దూరం కిందకి దించి మళ్లీ పాడతారు, పంచమం దగ్గర అన్న మాటనే షడ్జమం దగ్గర మళ్లీ అన్నట్టు. ఐదు స్వరాలే ఉండటం, పైనుంచి కిందకి దిగడం, పంచమం దూరంలో వాక్యం మళ్లీ రావడం, పాదాంత స్వరాలు, అక్షరాల లెక్క, ఇన్నీ ఒకేసారి ఇంకో జాతి పాటలో కనిపిస్తే అప్పుడు ఆగి ఆలోచించాలి. అది కాకతాళీయం కావడం కష్టం.

అలాంటిది కొడాయ్‌కి దొరికింది. రష్యాలో వోల్గా నది దగ్గర ఉండే మారీ జనం పాటల్లో ఇదే నడక, ఇదే పంచమం దించడం. మారీల భాష హంగేరియన్‌కి దూరపు చుట్టం, రెండూ ఫిన్నో-ఉగ్రిక్ కుటుంబమే. ఇక చాలామందికి ఎంత సంతోషమో ఊహించుకోండి, భాష చుట్టం, పాట కూడా చుట్టమే, వెయ్యేళ్లకి పైగా వలసల్లో మోసుకొచ్చిన ఆస్తి! కానీ కథ అక్కడ ఆగలేదు. 1958 నుంచి లాస్లో వికార్ అనే పరిశోధకుడు ఆ ఊళ్లన్నీ తిరిగి పాటలు రికార్డు చేస్తే, ఆ పంచమం దించే శైలి మారీలందరిలోనూ లేదని తేలింది. చువాష్ జనం ఊళ్లు కలిసే సరిహద్దు దగ్గర ఒక సన్నటి పట్టీలోనే అది ఉంది. చువాషులది తుర్కిక్ భాష, హంగేరియన్‌కి చుట్టం కాదు. అంటే భాష చుట్టరికం ఒక దారిన పోతే పాట చుట్టరికం ఇంకో దారిన పోయింది. ఏ పాట ఏ ఊళ్లో దొరికింది, దాని పక్క ఊళ్లో ఏముంది అని ఓపికగా గుర్తులు పెట్టకపోయి ఉంటే ఇది బయటపడేదే కాదు. అందుకే మీ నోటుబుక్కులో పాట పక్కన దేశం పేరు రాసి వదిలేయొద్దు, వీలైతే ఊరు రాయండి.

బార్టోక్‌కి కూడా తుర్కియేలో ఇలాంటి అనుభవమే. ఉస్మానియే అనే ఊళ్లో ఒక పెద్దాయన పాడిన మొదటి పాటే ఒక పాత హంగేరియన్ పాటకి దగ్గరగా ఉందని విని ఆశ్చర్యపోయాడు.

ఈ పని చేసినందుకు బార్టోక్ పడ్డ బాధ కూడా మీకు తెలియాలి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత హంగరీ మూడింట రెండొంతుల భూభాగం పోగొట్టుకుంది, ట్రాన్సిల్వేనియా రొమేనియాకి వెళ్లింది. సరిగ్గా 1920లో, రొమేనియన్ల జానపద సంగీతం మీద అతను రాసిన వ్యాసం చూసి సొంత దేశంవాళ్లే దేశద్రోహి అన్నంత పని చేశారు. 1930లలో రొమేనియా వైపు నుంచి ఇంకో దాడి, హంగరీ పక్షపాతి అని. ఒకే మనిషి, ఒకే పని, రెండు వైపులా దెబ్బలు. 1915లో అతను రాసిన రొమేనియన్ నృత్యాల పియానో రచనకి మొదట "హంగరీలోని రొమేనియన్ నృత్యాలు" అనే అర్థం వచ్చే పేరుండేది, సరిహద్దు మారాక ఆ "హంగరీలోని" అన్న మాట ఎగిరిపోయింది. పాటలో ఒక్క స్వరం మారలేదు. 1942లో, నాజీలు జాతి శుద్ధి అని ఊగిపోతున్న రోజుల్లో, అమెరికాలో ఉంటూ అతను సంగీతంలో జాతి శుద్ధి గురించి చిన్న వ్యాసం రాశాడు. తూర్పు యూరప్ పాటలు ఇంత సంపన్నంగా ఉండటానికి కారణమే ఒకరి నుంచి ఒకరు ఎడతెగకుండా ఇచ్చిపుచ్చుకోవడం అన్నాడు. వేల పాటలు స్వయంగా రాసుకున్న మనిషి మాట అది, నేను దానికి చాలా విలువ ఇస్తాను.

ఇప్పుడు ఉస్కుదార్ పాటకి తిరిగి వద్దాం. నోటుబుక్కులో దానికి నాలుగు వేరువేరు గడులు గీయండి: వరుస, దరువు, మాటలు, సందర్భం. గడులు వేరు చేయడం ఎందుకంటే ఒక్కోటి ఒక్కో దారిలో ప్రయాణిస్తుంది. మాటల గడిలో ఒక సంగతి చూడండి, తుర్కీ పాటలో దారిలో ఒక చేతిరుమాలు దొరుకుతుంది, గ్రీకుల పాటల్లో ఒకదాంట్లో చేతిరుమాలు పోతుంది. ఇద్దరిలో ఎవరో ఒకరు రెండోవాళ్ల పాట విన్నారని నాకు అనిపిస్తుంది, కానీ ఎవరు ముందో ఆ రుమాలు చెప్పదు. బోస్నియా పాటలో అనటోలియా పేరుంది కాబట్టి వరుస కూడా అక్కడిదే అనుకోవడం తొందరపాటు, ఆ వరుస మీద ఆ మాటలు ఎప్పుడైనా వచ్చి చేరొచ్చు. 1850లలో జరిగిన క్రిమియా యుద్ధం రోజుల్లో స్కాట్లాండ్ సైనికుల మార్చ్ నుంచి వచ్చిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. అది నిజం కావాలంటే ఆ మార్చ్ ఏదో చూపించి, పాదాంత స్వరాలు కలిపి చూపించాలి. అలా ఎవరైనా చూపిస్తేనే ఆ మాటని గడిలో రాయండి.

వరుస మీద మాటలు మారడం మనకి కొత్త కాదు. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ "ఉయ్యాలో" అని పాడే వరుస మీద రామాయణం నడుస్తుంది, అత్తాకోడళ్ల ముచ్చట నడుస్తుంది, ఊరి దేవత కథ కూడా నడుస్తుంది. పండగకి అది ఎన్ని కథలు మోసిందో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.

ఇంటిపని. ఉస్కుదార్ పాట తుర్కీది, సెర్బియాది, బల్గేరియాది తీసుకోండి. మాటలు లేకుండా "ల ల ల" అని మీ గొంతుతోనే పాడి రికార్డు చేసుకోండి, ఎందుకంటే గాయకుల గొంతు, వాద్యాల మోత ఉంటే చెవి మోసపోతుంది. చివరి స్వరం "స" పెట్టి, పాదాంత స్వరాలు, అక్షరాల లెక్క రాయండి. మూడు వరసలు పక్కపక్కన పెట్టి ఎక్కడ కలిశాయో ఎర్రగీత, ఎక్కడ విడిపోయాయో నీలిగీత పెట్టండి. నీలిగీతలు ఎక్కువ ఏ పాదంలో ఉన్నాయో గుర్తు పెట్టుకోండి, నాలుగో పాఠం అక్కడినుంచే మొదలవుతుంది. దాంతోపాటు "తకిట తక తక" అని ఏడు దెబ్బలు చప్పట్లతో వేయడం అలవాటు చేసుకోండి. గ్రీకులు కలామతియానో నాట్యంలో వేసే అడుగు అదే, మన మిశ్రచాపు తాళం వచ్చినవాళ్లకి ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది.