ఇరవై ప్రశ్నల ఆట ఎలా ఆడాలి?

కరెంటు పోయిన రాత్రి కావచ్చు, రైలు ఊరు రాకముందే సిగ్నల్ దగ్గర ఆగిపోయి కదలని సాయంత్రం కావచ్చు. చిన్నా పెద్దా అందరూ కలిసి ఆడటానికి ఇంతకంటే మంచి ఆట నాకు దొరకలేదు. ఒకరు మనసులో ఏదో ఒకటి అనుకుంటారు. మిగతావాళ్లు ప్రశ్నలు అడుగుతారు. జవాబుగా అవును, కాదు, ఉంది, లేదు లాంటి ఒక్క ముక్క తప్ప ఇంకేమీ రాదు. ఇరవై ప్రశ్నల్లోపు అదేమిటో పట్టుకోవాలి.

మనకి పొడుపుకథలు అలవాటే. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అనగానే కనురెప్పలని చెప్పేస్తాం. పొడుపుకథలో ఆనవాళ్లన్నీ ముందే మన చేతిలో పెడతారు, విప్పుకోవడమే మిగులుతుంది. ఈ ఆటలో ఆనవాళ్లు కూడా మనమే తవ్వి తీసుకోవాలి. అందుకే ఇక్కడ గెలిచేది ప్రశ్న వేయడం తెలిసినవాళ్లు.

1. ముందు ఒప్పందం

ఆడే అందరికీ తెలిసిన వస్తువునో, మనిషినో, జంతువునో మాత్రమే అనుకోవాలి. ఎనిమిదేళ్ల పాపతో ఆడుతూ మన ఆఫీసులో ఉన్న మెషీన్‌ని అనుకుంటే అది ఆట అవదు. వస్తువు అంటే ఏ రకానిదైనా సరేనా, ఇదిగో ఈ ప్రత్యేకమైనదా అన్నది కూడా తేల్చుకోండి. "కుర్చీ" వేరు, "తాతయ్య వాలుకుర్చీ" వేరు.

అమెరికా రేడియోలో 1946లో ఈ ఆట ఒక కార్యక్రమంగా మొదలైంది, మరుసటి ఏడాది బీబీసీ కూడా అందుకుంది. అందులో అనుకున్నది జంతువుల కోవకి చెందిందా, మొక్కలదా, ఖనిజాలదా అన్నది ఆట మొదట్లోనే చెప్పేవారు. చిన్నపిల్లలతో ఆడేటప్పుడు మీరూ అలాంటి ఆధారం ఒకటి ఇవ్వండి. పెద్దవాళ్లకి అవసరం లేదు.

లెక్క ఎవరు పెట్టాలన్న దాని మీదే సగం గొడవలు వస్తాయి. మా ఇంట్లో ఇరవై చింతపిక్కలు కుప్పగా పోసుకుంటాం. ప్రశ్న అడిగినప్పుడల్లా ఒక పిక్క పక్కకి జరుగుతుంది. ఎన్ని మిగిలాయో అందరి కళ్లకీ కనపడుతుంది కాబట్టి పేచీ ఉండదు, చివరి మూడు పిక్కల దగ్గర టెన్షన్ కూడా బాగుంటుంది. అనుకున్నదాన్ని మధ్యలో మార్చేస్తారని అనుమానం ఉంటే, ఆటలో లేనివాళ్ల చెవిలో ముందే చెప్పించండి.

2. ప్రశ్న చివర దీర్ఘం వినపడాలి

పిల్లలకి ఈ ఆట నేర్పేటప్పుడు మొదట వచ్చే తంటా, వాళ్లు "అది ఎక్కడ ఉంటుంది?" అని అడిగేయడం. దానికి అవును, కాదు అని చెప్పలేం. తెలుగులో దీనికి మంచి కొండగుర్తు ఉంది. అవును-కాదు ప్రశ్న ఏదైనా చివర "ఆ" దీర్ఘంతో ఆగుతుంది: తింటామా, ఎగురుతుందా, చెక్కదా, పెద్దవాళ్లా. ఆ దీర్ఘం వినపడితే ప్రశ్న చెల్లుతుంది. ఎవరు, ఏది, ఎక్కడ, ఎంత అని అడిగితే చెల్లదు. మొదట్లో నేను "ఎ"తో మొదలయ్యే ప్రశ్న వద్దు అని చెప్పాను. మా మేనకోడలు వెంటనే "ఎర్రగా ఉంటుందా?" అని అడిగింది. అది చక్కటి ప్రశ్నే. అందుకే మొదలు చూడొద్దు, చివర వినండి.

ఒక ప్రశ్నలో రెండు దీర్ఘాలు ఉన్నా చెల్లదు. "ఇంట్లో ఉంటుందా, బయట ఉంటుందా?" అంటే అవి రెండు ప్రశ్నలు.

వ్యతిరేకంగా అడగడం కూడా మానేయండి. "దాన్ని తినలేమా?" అని అడిగితే అవతలివాళ్లు "అవును" అంటారు. తినగలమనా, తినలేమనా? మన మాటతీరులో సాధారణంగా "అవును, తినలేం" అనే అర్థం వస్తుంది, కానీ ఇంగ్లీషు మీడియం పిల్లలు కొందరు దాన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. ఒక్క అపార్థంతో ఆట మొత్తం పక్కదారి పడుతుంది. "తినగలమా?" అంటే ఏ గొడవా లేదు.

ఇంకోటి, మనుషుల్ని అనుకున్నప్పుడు మన క్రియాపదాలు గుట్టు విప్పేస్తాయి. "బతికే ఉన్నాడా?" అని అడిగితే, అనుకున్నది మగవాళ్లని మీరే తేల్చేసినట్టు. జవాబు చెప్పేవాళ్లు అలవాటుగా "ఆ, ఉంది" అన్నారంటే ఒక ప్రశ్న ఖర్చు లేకుండా సగం మంది తప్పుకున్నట్టు. కాబట్టి "ఉన్నారా", "గెలిచారా" అని గౌరవ వాచకంలోనే అడగండి, జవాబు కూడా "అవును" దగ్గర ఆపండి. ఆడామగా తేడా తెలియాలంటే దానికి ఒక పిక్క ఖర్చు పెట్టాలి.

3. మిగిలినదాన్ని సగానికి కోయండి

ఆట కిటుకంతా ఇక్కడే ఉంది. ముందు అంకెలతో చూపిస్తే పిల్లలకి తొందరగా ఎక్కుతుంది. 1 నుంచి 100 లోపు ఒక అంకె అనుకోమనండి. "37 ఆ? 82 ఆ?" అని ఒక్కోటీ అడుగుతూ పోతే అదృష్టం బాగోకపోతే తెల్లారుతుంది. "50 కంటే పెద్దదా?" అని అడిగితే జవాబు ఏదైనా సరే యాభై అంకెలు ఎగిరిపోతాయి. తర్వాత 25 మిగులుతాయి, ఆపైన 13, 7, 4, 2, చివరికి ఒక్కటే. ఏడు ప్రశ్నల్లో తప్పకుండా దొరుకుతుంది. 1000 అంకెలున్నా పది ప్రశ్నలు చాలు. ఇరవై ప్రశ్నలుంటే 10,48,576 అంకెల్లోంచి ఒకదాన్ని పట్టుకోవచ్చు. రెండుని ఇరవై సార్లు గుణిస్తే వచ్చే లెక్క ఇది.

తెలంగాణ జిల్లాలతో ఆడితే ఇంకా రుచి. 33 జిల్లాలున్నాయి. 32 ఉండుంటే ఐదు ప్రశ్నలతో పని అయిపోయేది, ఆ ఒక్క జిల్లా వల్ల ఆరో ప్రశ్న చేతిలో ఉంచుకోవాలి. "గోదావరి ఆ జిల్లాని తాకుతుందా?", "హైదరాబాద్‌కి ఉత్తరాన ఉందా?" అని అడుగుతుంటే పిల్లలు మ్యాప్ చూడమని ఎవరూ చెప్పకుండానే చూస్తారు.

వస్తువులకీ ఇదే పద్ధతి. ప్రశ్న అడిగేముందు ఒక్క క్షణం ఆలోచించండి: దీనికి "కాదు" అని వస్తే నాకు ఏమైనా మిగులుతుందా? "ఏనుగా?" అన్నదానికి "కాదు" అని వస్తే ఏనుగు ఒక్కటే పోతుంది, లోకంలో మిగతావన్నీ అలాగే ఉంటాయి. "మనిషి కంటే పెద్దదా?" అంటే "కాదు" కూడా "అవును" అంత పని చేస్తుంది. "కాదు" వినగానే పిల్లల మొహాలు వాడిపోతాయి. అప్పుడే చెప్పండి, సగం చెత్త ఊడ్చేశావు అని.

4. ఒక ఆట మొదటి నుంచి చివరిదాకా

మా మేనకోడలు, మా అమ్మ ఆడిన ఆట ఇది. అమ్మమ్మ అనుకుంది, మనవరాలు అడిగింది.

"ప్రాణం ఉందా అమ్మమ్మా?" లేదు. "మనుషులు తయారుచేసిందా?" అవును. "కరెంటుతో నడుస్తుందా?" కాదు. "ఇంట్లో వాడతామా?" అవును. నాలుగూ చక్కటి ప్రశ్నలు. ఐదోదానికి ఓపిక అయిపోయింది. "దువ్వెనా?" కాదు. ఒక పిక్క వృథా.

"గది పట్టుకో" అని నేను అందించాను.

"వంటింట్లోదా?" అవును. "పొయ్యి మీద పెడతామా?" పెట్టం. "స్టీలుదా?" ఇక్కడ అమ్మ తటపటాయించింది. "స్టీలువి కూడా వస్తున్నాయే, మనింట్లోది మాత్రం కాదు" అంది. నిజానికి ఈ మాటలో ఆధారం ఎక్కువే జారింది. "చెక్కదా?" అవును. "కర్రలా పొడుగ్గా ఉంటుందా?" అవును.

పది పిక్కలు జరిగాయి. మిగిలినవి ఎన్నో కావు: అప్పడాల కర్ర, చెక్క గరిటె, పప్పుగుత్తి, కవ్వం, రోకలి. ఈ ఐదింటిని సగానికి కోసే ప్రశ్న ఒకటి ఆలోచించాలి. పాప ఆగలేదు. "అప్పడాల కర్రా?" కాదు. "పప్పుగుత్తా?" కాదమ్మా. అంటూ అమ్మ నవ్వింది. ఆ నవ్వులో దగ్గరికి వచ్చావన్న సంగతి దాగలేదు. పాప కాసేపు రెండు అరచేతులు ఒకదానికొకటి రాసుకుంటూ కూర్చుంది. "ఇలా చేతుల మధ్య పెట్టి తిప్పుతామా?" అవును. "కవ్వమా!"

పద్నాలుగో ప్రశ్నకి దొరికింది. చివర్లో ఆ చేతులతో చూపించిన ప్రశ్న చూడండి. రూపం, రంగు అడగడం అయిపోయాక, దానితో మనం ఏం చేస్తాం అని ఆలోచిస్తే దారి దొరుకుతుంది. నా అనుభవంలో వస్తువు ఎలా ఉంటుందన్నదాని కంటే దాని పని ఏమిటన్నది అడిగితేనే ఎక్కువ తెగుతుంది.

అందుకే ఈ వరస గుర్తుంచుకోండి: ముందు ప్రాణం, తర్వాత తయారీ, తర్వాత చోటు, సైజు, ఆ తర్వాత పని. పేరు అడగడం రెండు మూడు మాత్రమే మిగిలాక. మనుషులైతే ముందు నిజం మనిషా, కథలోని పాత్రా అని తేల్చుకోండి. తర్వాత బతికి ఉన్నారా, తెలుగువాళ్లా, ఏ రంగం. పి.వి. సింధుని అనుకున్నారనుకోండి, "ఒలింపిక్స్ పతకం గెలిచారా?" అన్న ఒక్క ప్రశ్నతో గుంపు బాగా చిక్కిపోతుంది. "రెండు పతకాలా?" అంటే కరణం మల్లీశ్వరి కూడా పక్కకి వెళ్లిపోతారు.

5. జవాబు చెప్పేవాళ్ల బాధ్యత

అబద్ధం చెప్పకూడదు, తెలియకపోతే తెలియదనాలి. టమాటా కాయా, పండా లాంటి చిక్కులు వస్తే "రెండు రకాలుగానూ అనుకోవచ్చు" అనండి, ఆ పిక్కని వెనక్కి పెట్టేయండి. "మామూలుగా అవును", "ఎక్కువసార్లు కాదు" లాంటి జవాబులు కూడా న్యాయమే. కవ్వం దగ్గర స్టీలు ప్రశ్నకి "కాదు" అని గట్టిగా చెప్పినా పాప నష్టపోయేది, మా అమ్మ అలా చెప్పకపోవడమే సరైన పని.

అక్షరాల ప్రశ్నలు నేను ఒప్పుకోను. "కతో మొదలవుతుందా?", "మూడక్షరాలా?" అని అడగడం మొదలైతే వస్తువు గురించి ఆలోచించడం పోయి పదం అల్లడం మిగులుతుంది. పైగా "కవ్వం" రెండక్షరాలా మూడా అని ఇంకో పంచాయితీ.

6. ఆట పాతబడితే

పది మంది పోగైనప్పుడు ఈ రకం ఆడి చూడండి. ఒకరిని బయటికి పంపి, మిగతావాళ్లు ఏ మాటా అనుకోకూడదని ఒప్పుకుంటారు. లోపలికి వచ్చినవాళ్లు వరసగా ఒక్కొక్కరినీ అడుగుతారు. ఎవరి జవాబు వాళ్లిష్టం, కానీ అప్పటిదాకా వచ్చిన జవాబులన్నిటికీ సరిపోయే వస్తువు కనీసం ఒకటి మనసులో పెట్టుకునే చెప్పాలి. ప్రశ్నలు పెరిగేకొద్దీ జవాబు చెప్పేవాళ్లకే చెమటలు పడతాయి. అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త జాన్ వీలర్ తాను ఇలా ఆడిన ఆట గురించి చెబుతుండేవారు. ఆయన చివరికి "మేఘమా?" అంటే అందరూ అవునన్నారట. ముందుగా లేని మాట ప్రశ్నల వల్లే పుట్టిందని, క్వాంటం భౌతికశాస్త్రం వివరించడానికి ఆయన ఈ ఆటని వాడుకున్నారు.

కాలేజీ పిల్లలైతే అబద్ధాల ఆట పెట్టుకోవచ్చు. జవాబు చెప్పేవాళ్లు మొత్తం మీద ఒక్క అబద్ధం ఆడొచ్చు. గణితవేత్త స్టానిస్లా ఉలమ్ అడిగిన లెక్క ఇది: పది లక్షల అంకెల్లో ఒకటి పట్టుకోవాలి, ఒక అబద్ధం ఉండొచ్చు, ఎన్ని ప్రశ్నలు కావాలి? అబద్ధం లేకపోతే 20 చాలు, ఉంటే 25 కావాలని తర్వాత తేలింది. ఒక్క అబద్ధానికి ఐదు ప్రశ్నల ఖరీదు.

ఇరవై పిక్కలూ అయిపోయి దొరకకపోతే, జవాబు చెప్పేసి ఊరుకోవద్దు. అడిగిన ప్రశ్నల్ని వెనక్కి తిప్పి చూడండి, ఎక్కడ తప్పిపోయామో తప్పకుండా కనపడుతుంది. నేను ఒకసారి "నీడ" అనుకుని పిల్లలందర్నీ ఓడించాను. "ముట్టుకోగలమా?" అన్నదానికి నేను "ముట్టుకోవచ్చు" అన్నాను, గోడ మీద చెయ్యి పెడితే నీడ మీద పెట్టినట్టే కదా అనుకుని. తప్పు నాదేనని అందరూ తేల్చారు, నేనూ ఒప్పుకున్నాను. అప్పటినుంచి నీడ, గాలి, నిద్ర లాంటివి అనుకోవాలంటే ముందే "చేతికి దొరకనిది" అని చెప్పాలన్నది మా ఇంటి రూలు. తర్వాతి ఆటలో మా మేనకోడలు పిక్కలన్నీ మళ్లీ కుప్ప చేసి, "చేతికి దొరకనిది అనుకున్నా మామయ్యా, అడుగు" అంది.