వానాకాలం డ్యూటీ దిగి ఇంటికెళ్లే ముందు

వానలు మొదలైతే గుంటూరు, విజయవాడ ఆసుపత్రి వార్డుల్లో వాంతులు, విరేచనాల కేసులు పెరుగుతాయి కాబట్టి ఇవి చూసుకోండి.

• శానిటైజర్‌తో సరిపెట్టకండి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద అది సరిగా పనిచేయదు, సబ్బుతో కనీసం 20 సెకన్లు, గోళ్ల సందులూ బొటనవేలి మొదలూ (అందరూ వదిలేసేది అదే) రుద్ది కడగాలి.

• జేబులు ఆసుపత్రిలోనే ఖాళీ చేయండి. మర్చిపోయిన సూది ఇంట్లో బట్టలు ఉతికేవాళ్లకి గుచ్చుకుంటే హెపటైటిస్ బి (రక్తం ద్వారా అంటుకునే కాలేయ జబ్బు) టెన్షన్.

• ముందు ఫోన్ కవర్ తీసి 70 శాతం ఆల్కహాల్ వైప్‌తో తుడిచి, ఆ తర్వాతే చేతులు కడగండి. లేకపోతే కడిగిందంతా దండగ.

• స్నానం అయ్యాకే పిల్లల్ని ఎత్తుకోండి, గుమ్మంలో ఏడ్చినా సరే.

• యూనిఫాం విడిగా, వేడినీళ్లలో. ముసురుకి ఎండ లేకపోతే గట్టిగా ఇస్త్రీ.