కోరింగ మడ అడవిని వేసవిలో నిదానంగా చూడడం ఎలా

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో ఉన్న కోరింగ అభయారణ్యాన్ని గంటలో చుట్టి రావడం ఆ అడవికి అన్యాయం చేయడమే. కనీసం రెండు ఉదయాలు కేటాయించండి. ఎండ తీవ్రంగా ఉంటుంది కనుక గేటు తెరిచే వేళకే చేరుకోవాలి. ముందురోజే ఆటుపోట్ల వేళలు తెలుసుకోండి: పడవ విహారానికి పోటు అనుకూలమే గాని, బురదలోని జీవం బయటపడేది నీరు తీసినప్పుడే.

అప్పుడు చెక్కవంతెన మీద ఒకచోట ఆగి, పది నిమిషాలు కదలకుండా కిందికి చూడండి. మడచెట్ల శ్వాసవేళ్లు బురదలోంచి పెన్సిళ్లలా పొడుచుకుని ఉంటాయి. వాటి నడుమ ఒక మగ పీత, తన ఒంటికి మించినట్లున్న ఒకే ఒక్క పెద్ద డెక్కను పైకెత్తి ఊపుతూ, మీ నీడ పడగానే బొరియలోకి జారుకుంటుంది. పక్కనే చిన్న చేపలు రెక్కల మీద ఆనుకుని బురదపై గెంతుతుంటాయి.

నీటికుక్కలు కనిపిస్తే అదృష్టమే. చేపలను వేటాడే అడవిపిల్లి, బావురుపిల్లి, ప్రధానంగా రాత్రి తిరుగుతుంది కాబట్టి, ఒడ్డున దాని అడుగుజాడలు వెతకండి. ఏప్రిల్ వరకు ఇసుకతీరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ల గూళ్లు ఉండవచ్చు. అక్కడ రాత్రిపూట దీపాలు వెలిగిస్తే తాబేలు పిల్లలు సముద్రానికి వెళ్లే దారి తప్పుతాయి, కాబట్టి దయచేసి వెలిగించకండి.