హైదరాబాద్ నుంచి బెంగళూరుకు కుటుంబంతో మారేటప్పుడు
జీతం ఎంత పెరుగుతుందన్న లెక్కకంటే ముందు, చూసిన అద్దె ఇంటికి కావేరి నీరు వస్తుందా, బోరు మీదే ఆధారపడాలా అన్నది విచారించండి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి నగరవాసులు ట్యాంకర్ల కోసం పడిన ఇబ్బంది చూస్తే, నా దృష్టిలో జీవన నాణ్యతకు ఇదే మొదటి కొలమానం. ఇల్లు, బడి, కార్యాలయం ఒకే దిక్కున ఉండేలా చూసుకొని, అడ్వాన్సు ఇచ్చే ముందే ఒక పనిదినం ఉదయం ఆ దారిలో స్వయంగా ప్రయాణించండి. పిల్లలు బడిలో కన్నడ నేర్చుకోవలసి ఉంటుంది; లిపి మన తెలుగుకు బాగా దగ్గరిది కాబట్టి, వేసవి సెలవుల్లోనే అక్షరాలు దిద్దించడం మేలు. వాహనాన్ని 12 నెలలకు మించి అక్కడ ఉంచేటట్లయితే, తెలంగాణ రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తీసుకొని, కర్ణాటకలో పన్ను కట్టి, తిరిగి రిజిస్టర్ చేయించాలి.