ఇన్వర్టర్ కడుతున్నారా? మాస్‌ఫెట్ వోల్టేజీ ముందు చూడండి

బెంగళూరు ఎస్పీ రోడ్డులో సామాన్లు కొని సొంతంగా పుష్-పుల్ ఇన్వర్టర్ (రెండు వైపుల మాస్‌ఫెట్లు, అంటే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు, వంతులవారీగా ఆన్ అయ్యి బ్యాటరీ కరెంటును ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపేది) కట్టుకునేవాళ్లకు ఒక మాట. లోడు కిలోవాట్ దాటితే రెండు బ్యాటరీలు సిరీస్‌లో కలిపి 24 వోల్టులకు వెళ్లండి. 12 వోల్టుల మీద కిలోవాట్‌కు నష్టాలతో కలిపి 100 ఆంపియర్ల దాకా లాగుతుంది. 24లో అది సగం, అవే వైర్లలో వేడి నాలుగో వంతు.

అయితే చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఒక వైపు మాస్‌ఫెట్ ఆన్ అయినప్పుడు, ఆఫ్‌లో ఉన్న రెండోదాని డ్రెయిన్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు కలిపే కాలు) మీద బ్యాటరీ వోల్టేజీకి రెట్టింపు పడుతుంది. చార్జింగ్‌లో బ్యాటరీలు 28.8 దాకా వెళ్తాయి, అంటే 57.6. పైన స్పైకులు (క్షణంపాటు ఎగసే వోల్టేజీ) అదనం. 12కి చక్కగా పనిచేసే ఐఆర్‌ఎఫ్ 3205 మాస్‌ఫెట్ రేటింగ్ 55 వోల్టులే! కనీసం 100 వోల్టులది తీసుకోండి.

స్పైకులు తగ్గాలంటే ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (బ్యాటరీ వైపు చుట్ట) రెండు సగాలనూ విడివిడిగా చుట్టకండి. రెండు తీగలు పక్కపక్కన పట్టుకుని ఒకేసారి చుట్టి, ఒకదాని చివర, రెండోదాని మొదలు కలపండి. అదే సెంటర్ ట్యాప్, అంటే బ్యాటరీ ప్లస్ కలిపే మధ్య కొన. రెండు వైపులూ సమానంగా ఉంటాయి కాబట్టి కోర్ ఒక పక్కకి శాచురేట్ అయ్యే (ఇక అయస్కాంతత్వం పట్టలేని స్థితికి చేరే) భయమూ తగ్గుతుంది. స్నబ్బర్ (మిగిలిన స్పైకులను మింగే చిన్న సర్క్యూట్) ఆ తర్వాతి సంగతి. బ్యాటరీ ప్లస్ దగ్గరే డీసీ రేటింగ్ ఉన్న ఫ్యూజ్ మాత్రం తప్పకుండా పెట్టండి.