ఫ్రెట్‌లెస్ బేస్‌కి తీగలు మార్చే ముందు

ఫ్రెట్‌లెస్ బేస్, అంటే లోహపు మెట్లు (ఫ్రెట్లు) లేని బేస్ గిటార్, చేతికి రాగానే ఏ తీగలు వేస్తే సౌండ్ బాగుంటుందా అని వెతకడం మొదలుపెడతాం. దానికంటే ముందు చూసుకోవలసింది తీగలు నొక్కే పలక, అంటే ఫింగర్‌బోర్డు, ఏ చెక్క, దాని మీద పూత ఉందా లేదా అని. మామూలు బేస్‌లో తీగ లోహపు ఫ్రెట్ మీద ఆనుతుంది. ఆ ఫ్రెట్ అరిగిపోతే కొత్తది వేయించుకోవచ్చు. ఫ్రెట్‌లెస్‌లో తీగ ఆనేది చెక్క మీదే కాబట్టి అరిగేదీ చెక్కే. గాళ్లు లోతుగా పడితే బోర్డు మొత్తాన్ని చదును చేయించాలి. చేయించిన ప్రతిసారీ మందం కొంత తగ్గుతుంది, అందుకే ఆ పనికి ఒక హద్దు ఉంటుంది.

ఎక్కువగా చెక్కను తినేది రౌండ్‌వౌండ్ రకం తీగ. దాని పైచుట్టు గుండ్రటి తీగ, వేలికి గరుగ్గా తగులుతుంది. వైబ్రాటో ఇచ్చిన (స్వరం ఊగేలా వేలిని ఊపిన) ప్రతిసారీ ఆ గరుకు చెక్క మీద ఆకురాయిలా పనిచేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌ది ఇంకా కఠినం, నికెల్ పూతవి కాస్త నయం. రోజ్‌వుడ్ త్వరగా అరుగుతుంది. ఎబొనీ ఎక్కువ కాలం ఆగుతుంది గానీ దానికీ గీతలు పడతాయి. పేరున్న ఫ్రెట్‌లెస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ తన 1962 ఫెండర్ జాజ్ బేస్ మీద రోటోసౌండ్ రౌండ్‌వౌండ్లే వాడాడు. అయితే ఆయన ఫింగర్‌బోర్డుకి గట్టి ఎపాక్సీ పూత ఉండేది. ఆ సౌండ్ కోసం అవే తీగలు తెచ్చుకుని, పూత లేని రోజ్‌వుడ్ మీద ఎక్కించడం నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద పొరపాటు.

ఇప్పుడున్న తీగలు తీసేటప్పుడు బోర్డును ఒకసారి పరీక్షగా చూడండి. గది లైటు ఆర్పి, టార్చి వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకుంటే గాళ్లు నీడలుగా కనిపిస్తాయి. గోటిని అడ్డంగా నడపండి. మెరిసే గీత మాత్రమే ఉంటే భయం లేదు. గోరు తట్టుకుంటే మాత్రం అది గాడి కిందే లెక్క. అలాంటి చోట కొత్త తీగ వేసినా స్వరం బజ్ అంటుంది.

పూత లేని బోర్డుకి నేను చెప్పేది ఫ్లాట్‌వౌండ్. పైచుట్టు చదునైన రేకు కాబట్టి చెక్క మీద నున్నగా జారుతుంది. సౌండ్ లోతుగా, కాస్త మందంగా వస్తుంది. ఫ్రెట్‌లెస్‌కి పేరు తెచ్చిన ఆ 'మ్వా' అనే సాగుడు కొంత తగ్గుతుంది, అది ఒప్పుకోవాలి. అది మరీ తగ్గకూడదనుకుంటే మధ్యేమార్గంగా, గుండ్రటి పైచుట్టును కొంత చదును చేసిన హాఫ్‌రౌండ్ ఉంది. నల్లటి నైలాన్ చుట్టిన టేప్‌వౌండ్ చెక్కకి ఇంకా మెత్తన. లోపల ఉక్కు ఉంటుంది కాబట్టి మామూలు మాగ్నెటిక్ పికప్ (తీగ కదలికను అయస్కాంతంతో పట్టే భాగం) దాన్ని పట్టుకుంటుంది. లోహమే లేని తీగలైతే పట్టుకోదు. వాటికి అయస్కాంతం కాకుండా కంపనాన్ని పట్టే పీజో పికప్ కావాలి, కొనే ముందే చూసుకోండి.

ఇక టెన్షన్, అంటే తీగ బిగువు. ఒకే గేజ్ (మందం) ఉన్న రెండు సెట్ల టెన్షన్ ఒకేలా ఉండదు. ఫ్లాట్‌వౌండ్లలో చాలా వరకు బిగువు ఎక్కువ, థామస్టిక్ జాజ్ ఫ్లాట్స్ లాంటివి మాత్రం బాగా వదులు. తయారీదారు ఇచ్చే టెన్షన్ పట్టికలో పాత సెట్టునీ కొత్త సెట్టునీ పోల్చి చూడండి. తేడా ఎక్కువైతే నెక్ వంపు మారుతుంది. ఫ్రెట్‌లెస్‌లో తీగలు చెక్కకి బాగా దగ్గరగా ఉంటాయి కాబట్టి కొద్దిపాటి మార్పు కూడా బజ్‌గానో, తీగలు ఎత్తుగా లేవడంగానో బయటపడుతుంది. ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి వంపును సరిచేసే కడ్డీ) తిప్పాల్సి వస్తే ఒకసారికి పావు చుట్టు మించకండి. తిప్పాక మళ్లీ ట్యూన్ చేసి, నెక్ కుదురుకునేదాకా ఆగి చూడండి. రాడ్ తిరగనంటే బలవంతం చేయొద్దు, రిపేరు తెలిసినవాళ్ల చేతికివ్వండి.

బేస్ స్కేలుకి, అంటే తీగ మోగే పొడవుకి, సరిపడే సెట్టు తీసుకోండి, 34 అంగుళాలకీ 30 అంగుళాలకీ సెట్లు వేరు. తీగలు బాడీలోంచి వచ్చే బేస్ అయితే ఇంకాస్త పొడవు కావాలి. అక్కడి పదునైన వంపు దగ్గర ఫ్లాట్‌వౌండ్ చుట్టు విచ్చుకునే ప్రమాదం ఉంది. బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) వెనక నుంచి ఎక్కించే వీలుంటే అలాగే ఎక్కించండి.

అన్నీ ఒకేసారి విప్పకుండా ఒక్కొక్కటే మార్చండి. పాత తీగను పూర్తిగా వదులు చేశాకే కత్తిరించండి, బిగువు మీద తెగితే కంటికి ప్రమాదం. కొత్తదాన్ని కత్తిరించబోయే చోటికి కాస్త ముందు, కొక్కెంలా గట్టిగా వంచాకే కట్ చేయండి. లోపలి ఉక్కు గుండ్రంగా ఉన్న తీగల్లో అలా వంచకపోతే పైచుట్టు లోపలే వదులై సౌండ్ చచ్చిపోతుంది. టేప్‌వౌండ్‌లో నైలాన్ ఉన్న భాగం ట్యూనింగ్ పెగ్ మీదికి చుట్టుకోకూడదు. లావుపాటి తీగ నట్ (పెగ్‌ల వైపు నెక్ చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో దిగకపోతే నొక్కి దించొద్దు. గాడిని వెడల్పు చేయించాలే తప్ప లోతు చేయించకూడదు. లోతైతే ఓపెన్ తీగ బోర్డుకి తగులుతుంది.

చివరగా ఇంటొనేషన్, అంటే బోర్డు పొడవునా స్వరాలు సరిగ్గా పలికేలా చూసుకోవడం. 12వ ఫ్రెట్ ఉండాల్సిన చోట తీగను తేలిగ్గా తాకి మీటితే వచ్చే హార్మోనిక్‌నీ, అక్కడే నొక్కి మీటిన స్వరాన్నీ ట్యూనర్‌తో పోల్చి బ్రిడ్జి మీది శాడిల్ (తీగ ఆనే దిమ్మ) జరపండి. ఫ్రెట్ల చోట్లు చూపే గీతలు లేని బోర్డు అయితే బోర్డు అంచు మీది చుక్కలు ఫ్రెట్ ఉండాల్సిన చోటే ఉన్నాయో, రెండు ఫ్రెట్ల నడుమ ఉన్నాయో ముందే తెలుసుకోండి. రెండు రకాలూ వస్తాయి. పొరపడితే ట్యూనర్ సరిగ్గానే ఉన్నా ప్రతి స్వరమూ తప్పుతుంది.

రౌండ్‌వౌండ్లే కావాలనుకున్నవాళ్లు తీగను పక్కకి లాగే బెండింగ్ మానేసి, వైబ్రాటోలో వేలిని తీగ పొడవునే ఊపండి. కొన్ని వారాలకోసారి ఆ టార్చి పరీక్ష చేస్తూ, గోరు తట్టుకోవడం మొదలవగానే ఆ సెట్టు తీసేయండి.